దోమతెర ఇచ్చారు సరే, కట్టారా?

సంపాదకుడి గారికి,

మొన్న మీ జిల్లా పేజీలో దోమతెరల పంపిణీ ఫోటో వేశారు. ప్లాస్టిక్ కవరు కూడా విప్పని తెర ఒకటి ఓ ముసలావిడ చేతిలో పెట్టి, పక్కన ఉన్నవాళ్లంతా కెమెరా వైపు చూస్తున్నారు. పంచినందుకు సంతోషమే, కాదనను. నా గొడవంతా ఆ కవరు ఇంటికి వెళ్లాక జరిగేదాని గురించి. పాడేరు ఏజెన్సీలో ఆశ్రమ పాఠశాల మాస్టారుగా చేసి రిటైరయ్యాను, ఇప్పటికీ ఇక్కడే ఉంటున్నాను కాబట్టి కళ్లతో చూసిందే రాస్తున్నాను.

ముందుగా, ఈ తెరలన్నీ దండగ అనే పెద్దమనుషులకు ఒక మాట. దండగ కాదు. ముంచంగిపుట్టు దాటితే ఒడిశా. అక్కడ 2017లో కోటికి పైగా మందు తెరలు, అంటే దోమల మందు పట్టించిన తెరలు, పంచారు. ఆ ఏడాది ఆ రాష్ట్రంలో మూడున్నర లక్షల దాకా ఉన్న మలేరియా కేసులు 2018లో 66 వేలకు దిగాయి. అంతా తెరల మహిమే అనను, అదే సమయంలో వాళ్లు 'దమన్' అని ఒక కార్యక్రమం పెట్టి, దారీ తెన్నూ లేని ఊళ్లకు వెళ్లి, జ్వరం ఉన్నా లేకపోయినా ఊరందరికీ రక్తపరీక్ష చేసి, ఉన్నవాళ్లకు అక్కడికక్కడే మందులిచ్చారు. ఎందుకంటే ఒంట్లో మలేరియా ఉండి కూడా జ్వరం రాకుండా తిరిగేవాళ్లు మన కొండల్లో బోలెడంత మంది, దోమ వాళ్లను కుట్టి పక్కింటి పిల్లాడికి అంటిస్తుంది. ఆఫ్రికాలో 2000 నుంచి 2015 లోపు 66 కోట్ల మలేరియా కేసులు తప్పాయని, అందులో మూడింట రెండొంతులు తెరల వల్లేనని లెక్కగట్టారు. కాబట్టి ఆ వాదన ఇక వదిలేద్దాం.

మన ఏజెన్సీ దోమ సంగతి కూడా చాలామందికి తెలియదు. ఇది మురికి కాలవ దోమ కాదు. కొండ గెడ్డల్లో, అంటే వాగుల్లో, నెమ్మదిగా పారే తేట నీటి అంచుల్లో పుడుతుంది, జనం పడుకున్నాక కుడుతుంది. అందుకే ఇక్కడ తెర పనిచేస్తుంది. పట్నాల్లో డెంగీ పేరు చెప్పి తెరలు పంచుతుంటారు, డెంగీ దోమేమో పగటిపూట కుట్టే రకం, పగలు నిద్రపోయే చంటిపిల్లలకు తప్ప ఆ తెరవల్ల ఎవరికి లాభమో పంచేవాళ్లే చెప్పాలి. ఇంకో సంగతి, మందు తెర దోమను ఆపడమే కాదు, దాని మీద వాలిన దోమను చంపుతుంది కూడా. గూడెంలో ఎక్కువమంది తెరల్లో పడుకుంటే తెర లేని ఇంటికి కూడా కొంత రక్షణ దొరుకుతుంది. అరకొరగా పంచితే ఆ లాభం పోతుంది.

ఇక పంచే టైము. వానలు జూన్‌లో మొదలవుతాయి, జ్వరాలూ వాటితోనే. తెరలు మాత్రం ఎప్పుడో వానాకాలం సగం అయ్యాక దిగుతాయి. రోనాల్డ్ రాస్ సికింద్రాబాద్‌లో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టింది 1897 ఆగస్టు 20న అని ఏటా ఆ రోజు ర్యాలీలు తీస్తారు, పిల్లల చేత నినాదాలు చెప్పిస్తారు. తీయండి, తప్పులేదు. కానీ ఆగస్టు దాకా ఆగితే అప్పటికే ఎన్ని ఇళ్లలో చలి జ్వరం తిరిగిందో ఏ ఆశా కార్యకర్తనడిగినా చెబుతుంది. మే నెలాఖరుకి తెరలు గూడేలకు చేరాలి. గెడ్డలు పొంగాక చాలా ఊళ్లకు జీపు పోదు, రోగినే డోలీ కట్టి మోసుకొచ్చే చోట తెరల మూటలు ఎవరు మోస్తారు?

చేరాక ఇంట్లో కట్టడం ఇంకో కథ. ఒక గది, మధ్యలో పొయ్యి, దాని చుట్టూ నేల మీద ఆరేడుగురు పడుకుంటారు. చలికాలమైతే పొయ్యి వదిలి ఎవరూ కదలరు. నాలుగు మూలలా తాళ్లు కట్టే తెరను అక్కడ ఎలా కట్టమంటారు? నిప్పురవ్వ పడితే చిల్లు, పగలు విప్పకపోతే నడవడానికి దారి ఉండదు, విప్పితే రాత్రి మళ్లీ ఎవరు కడతారు, అప్పటికే అందరూ పనిచేసి అలసిపోయి ఉంటారు. దాంతో అది మడతపెట్టి అటక మీదకు పోతుంది, లేదంటే కోడిపిల్లల మీద, కూరగాయల మడి మీద పడుతుంది. దీనికి 'గిరిజనులకు అవగాహన లేదు' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు మన ఆఫీసర్లు. నాకు ఒళ్లు మండే మాట అది. దూలానికి ఒకే కొక్కెం నుంచి వేలాడదీసే గుండ్రటి తెరలు కూడా ఉన్నాయి, పొద్దున్నే ముడేసి పైకి లేపేయొచ్చు. అవి ఎందుకు కొనరు? పోనీ ఇచ్చే తెరతో పాటు నాలుగు మేకులూ నాలుగు తాళ్లూ ఇవ్వడానికి ఏం రోగం?

పోడు పాకల సంగతి అసలు ఎవరూ ఎత్తరు. పంట చేతికొచ్చే రోజుల్లో అడవిపందులు పడకుండా కాపలాకి మగవాళ్లు, ఒక్కోసారి కుటుంబమంతా, పొలం దగ్గరే పాకల్లో పడుకుంటారు. ఇంట్లో స్ప్రే చేసిన మందు అక్కడ ఉండదు, తెరా ఉండదు. తెరల లెక్క రేషన్ కార్డును బట్టి కాకుండా ఇంట్లో తలలను బట్టి వేయాలి. ఇద్దరికి ఒకటి అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) చెప్పిన కొలతే. కార్డులో పేరెక్కని కొత్త కోడలు, వేరుపడ్డ కొడుకు, ఆధార్ లేని ముసలివాళ్లు, వీళ్లను దోమ వదిలిపెట్టదు కదా.

చిన్న విషయాలే మరి కొన్ని, ఎవరూ చెప్పరు కాబట్టి రాస్తున్నాను. కొత్త తెర కవరు విప్పి ఒక రోజు నీడలో ఆరబెట్టాలి. అది చెప్పకుండా ఇచ్చేస్తే మొదటి రాత్రే ముఖం మండుతుంది, కళ్లు దురదపెడతాయి, మర్నాడు దాన్ని అవతల పడేస్తారు. తెరను గెడ్డలో బండకేసి బాదకూడదు, సబ్బుతో నెమ్మదిగా బకెట్‌లో ఉతికి నీడలోనే ఆరేయాలి, గెడ్డలో ముంచితే ఆ మందుకి చేపలు చస్తాయి. ఉతుకు 20 సార్లు దాటినా, వాడకం మూడేళ్లు దాటినా మందు పని తగ్గిపోతుంది, అంటే మూడేళ్లకోసారి మళ్లీ పంచాల్సిందే. ఇవన్నీ కరపత్రంలో అచ్చ తెలుగులో వేసి పంచితే ఏం లాభం? చదవలేని వాళ్లకు ఆదివాసీ ఒడియాలోనో, కువి భాషలోనో నోటితో చెప్పాలి, సంత రోజున మైకులో చెప్పినా నయమే. అలాగే, పాత మందుకి దోమలు అలవాటుపడ్డ చోట్ల రెండు రకాల మందులు కలిపిన తెరలు వాడమని 2023లో డబ్ల్యూహెచ్‌ఓ సిఫార్సు చేసింది. మన దగ్గర దోమ ఏ మందుకి లొంగుతోందో చూసి కొంటున్నారా, టెండర్‌లో తక్కువ పలికింది కొంటున్నారా? దీనికి ఆరోగ్యశాఖ మీ పేపర్లోనే జవాబు చెబితే బాగుంటుంది.

నేను అడిగేది పెద్ద ఖర్చేం కాదు. తెర ఇచ్చిన రోజునే ఇంట్లోకి వెళ్లి కట్టి రావాలి. నెల తర్వాత ఒకసారి పొద్దున్నే, జనం లేవకముందు, వెళ్లి ఎన్ని కట్టి ఉన్నాయో లెక్కపెట్టాలి. పంచినవెన్ని అన్న లెక్క కాదు, కట్టినవెన్ని అన్న లెక్క పైకి పంపాలి. ఈ పని ఆశా కార్యకర్తల నెత్తినే పడుతుందని నాకు తెలుసు, కాబట్టి దానికి వేరే డబ్బు ఇవ్వండి, ఉచిత సేవ అని మాత్రం అనకండి. ఎండనక వాననక కొండలెక్కేది వాళ్లే.

ఇక హాస్టళ్లు. జూన్‌లో బడులు తెరవగానే వందల మంది పిల్లలు ఒకే కప్పు కింద, ఇరుకు గదుల్లో పడుకుంటారు. ఊళ్లోంచి జ్వరం తెచ్చుకున్న ఒక్క పిల్లాడు చాలు. బడి తెరిచే రోజునే పిల్లలందరికీ రక్తపరీక్ష చేసి, పడక పడకకీ తెర కట్టి ఉండాలి. కిటికీలకు జాలీ ఊడిపోయిన హాస్టళ్లు ఎన్నో వెకేషన్‌లోనే చూసి బాగుచేయించండి. అన్నీ ఒకేసారి కాదంటే, ఈ ఏడాదికి కనీసం హాస్టళ్ల వరకైనా జూన్‌కి ముందే పూర్తిచేయండి.

- ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, పాడేరు ఏజెన్సీ