పాపకు, నాయన రాస్తున్నది

కావలి,
ఆదివారం

పాపా,

ఎట్టా ఉన్నావు? ఈడ మేం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే కట్ అవుతోంది, ఆనక "డ్యూటీలో ఉన్నా నాయనా, మళ్ళీ చేస్తా" అని మెసేజి వస్తోంది, ఆ మళ్ళీ మాత్రం రావడం లేదు. అందుకని కాగితం మీద రాసి పార్సిల్లో పెడుతున్నా. ఉత్తరాన్ని కట్ చెయ్యలేవు గదా.

పార్సిల్ ఆర్టీసీ కార్గోలో వస్తుంది, చెన్నై మాధవరం బస్టాండుకు పొయ్యి తెచ్చుకో. ఆటోవాడు ఎక్కువ అడిగితే బస్సెక్కు, బరువేం ఉండదు. గోంగూర పచ్చడి, ఎండు రొయ్యలు, ఉలవపాడు సపోటాలు, మీ అమ్మ కుట్టిన కాటన్ నైటీలు. హాస్టల్లో తమిళ పిల్లలు ముక్కు మూసుకుంటారని రొయ్యల పొట్లానికి కవరు మీద కవరు చుట్టింది. వాళ్ళూ కరువాడని ఎండుచేపలు తినేవాళ్ళేనే అంటే వినదు. సపోటాలు ఇంకా గట్టిగా ఉన్నాయి, పేపర్లో చుట్టిపెట్టు, తొందరపడి కొయ్యొద్దు.

సంక్రాంతికి రాలేదని నేనేం అనుకోలేదు. మీ అమ్మ అనుకుంది. నీకని పక్కన పెట్టిన అరిసెలు కనుమ దాటాక చిన్నోడికి పెట్టేసింది.

మొన్న ముసునూరు అత్త వచ్చి పొయ్యింది. ఆమె సంగతి నీకు తెలుసు గదా. వాళ్ళమ్మాయి ఫోన్లో చూస్తుందంట, నువ్వు రాత్రి ఒంటిగంటకీ రెండింటికీ కూడా ఆన్‌లైన్‌లోనే ఉంటావంట. "కన్నవాళ్ళ ఫోన్ ఎత్తడానికి టైం ఉండదు, అర్ధరాత్రి ఎవరితోనో మరి" అని కాఫీ తాగుతూ అనింది. నేను పట్టించుకోలేదు. మీ అమ్మ ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు, అంతే. ఊరికే రాస్తున్నా.

జలదంకి బాబాయి పైరు బాగుంది. ఈసారి ధాన్యం పచ్చిగా ఉండగానే దళారీకి ఇయ్యొద్దని చెప్పా, వింటాడో లేదో. మన గేదె చూడితో ఉంది. నా మోకాలు సంగతి అడక్కు.

ఇళ్ళల్లో పేషెంట్లను చూసుకునేవాళ్ళు పని వెతుక్కునే యాప్ ఉంది గదా, చిన్నోడు అందులో నీ పేజీ తీసి చూపించాడు. నువ్వు ఏజెన్సీ మానేసి, ఆ యాప్‌లో సొంతంగా పేరు పెట్టుకున్నావని అప్పుడే తెలిసింది నాకు. మంచిదే. పేషెంటు వాళ్ళ దగ్గర ఒక రేటు తీసుకొని నీ చేతిలో ఇంకో రేటు పెడుతున్నారని నువ్వే ఏడ్చేదానివి. యాప్ వాడూ ఊరికే ఉండడు, కమిషన్ కోస్తాడు. అదెంత, నీ జీతంలో కోస్తాడా వాళ్ళ దగ్గర వేరేగా తీసుకుంటాడా, ఇంటివాళ్ళు మధ్యలో మానిపిస్తే ఏం చేస్తాడు, ఇవన్నీ చదువుకున్నావా? చదవకుండా ఓకే నొక్కేసి ఉంటావు. మళ్ళీ తీసి చదువు.

ఆ ఫోటో ఏంది పాపా? పెద్దమ్మ కూతురి పెళ్ళిలో తీసింది గదా అది. పట్టుచీర, తలనిండా పూలు. బాగున్నావు, ఎవరు కాదన్నారు. కానీ మంచంలో ఉన్న తల్లికి డైపర్ మార్చే మనిషి కోసం వెతుక్కునేవాడికి ఆ ఫోటో ఏం చెబుతుంది? యూనిఫాం వేసుకో, జుట్టు ముడేసుకో, పగటి వెలుతురులో నిలబడు, గాజులు తీసెయ్యి. పేషెంటు పక్కన కూర్చొని మాత్రం తీసుకోవద్దు. మంచాన పడ్డ మనిషిని ఫోటో తీసి నలుగురికీ చూపించే పిల్లను ఎవరూ ఇంట్లోకి రానివ్వరు.

కింద "కష్టపడి పనిచేస్తాను, ప్రేమగా చూసుకుంటాను" అని రాశావు. అందరూ అదే రాస్తారు. చిన్నోడు వేరేవాళ్ళ పేజీలు చూపిస్తే అన్నిట్లోనూ ప్రేమే. నీకేం వచ్చో రాయి. పక్షవాతం వచ్చినవాళ్ళను మంచం మీద నుంచి వీల్‌చైర్‌లోకి మార్చడం వచ్చు. రైల్స్ ట్యూబులో, అంటే ముక్కులోంచి కడుపులోకి వేసే గొట్టంలో, ఆహారం పెట్టడం వచ్చు. యూరిన్ బ్యాగు చూడటం, బీపీ, షుగరు చూసి రాసిపెట్టడం వచ్చు. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పడం వచ్చు. అన్నిటికంటే ముందు నీకు తెలుగొచ్చని రాయి, తమిళం దాని తర్వాత. మతిమరుపు ముదిరితే కొంతమంది తర్వాత నేర్చుకున్న భాష వదిలేసి ఇంటి భాషలోకి వచ్చేస్తారు, నేను పనిచేసిన ఆస్పత్రి వార్డులో ఎంతమందిని చూశానో. చెన్నైలో మన తెలుగు ముసలివాళ్ళకు ఏం తక్కువ? వాళ్ళ పిల్లలు ఆ ఒక్క మాట కోసం వెతుకుతుంటారు.

"నర్స్" అన్న మాట మాత్రం ఈ రోజే తీసెయ్యి. నువ్వు చేసింది హోమ్ హెల్త్ ఎయిడ్ కోర్సు. ఏఎన్ఎమ్మో జీఎన్ఎమ్మో లాంటి నర్సింగ్ కోర్సు చదివి నర్సింగ్ కౌన్సిల్లో రిజిస్టర్ అయితేనే నర్సు. రేపు ఎవరో సెలైన్ ఎక్కించమంటారు, ఇంజెక్షన్ వెయ్యమంటారు, పేజీలో నర్సనే ఉంది గదా అంటారు. అప్పుడేం చేస్తావు? నేను అన్నేళ్ళు ఆస్పత్రిలో ఎమ్ఎన్ఓగా, అంటే నర్సులకు సాయం చేసే మగ సహాయకుడిగా, చేసి ఒక్కరోజు కూడా సూది పట్టుకోలేదు. పట్టుకోమని బతిమాలినవాళ్ళు ఉన్నారు.

ఈ పనులు ఎట్టా దొరుకుతాయో నాకు తెలియదనుకుంటున్నావేమో. బిట్రగుంట రమణమ్మ నీకు గుర్తుండదు, నువ్వు అప్పటికి పుట్టనే లేదు. మన ఆస్పత్రి గేటు పక్కన వేపచెట్టు కింద ఆయాలు కూర్చునేవాళ్ళు, డిశ్చార్జి అయినవాళ్ళు ఇంటికి మనిషి కావాలంటే అక్కడికే వచ్చి అడిగేవాళ్ళు. రిక్షా ఆగితే చాలు, పదిమంది మీద పడేవాళ్ళు, నేనొస్తా అంటే నేనొస్తా అని, రేటు కూడా వాళ్ళకు వాళ్ళే తగ్గించుకుంటూ. రమణమ్మ లేచేది కాదు. గర్వం అనేవాళ్ళు. ఒకసారి ట్రంకు రోడ్డులో ఉండే రిటైరైన హెడ్‌మాస్టరు గారికి పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపొయ్యింది. డిశ్చార్జి రోజు ఆయన భార్య చొక్కా తొడగలేక అవస్థ పడుతోంది. బాగున్న చెయ్యి ముందు దూర్చేసింది, పడిపోయిన చెయ్యి ఇంక వంగదు, ఆయనేమో నొప్పికి అరుస్తున్నాడు. రమణమ్మ వేరే పేషెంటుకు గంజి తెచ్చి గుమ్మంలో నిలబడి చూస్తోంది. గంజి గిన్నె కింద పెట్టి వచ్చి, "అయ్యా, మీకు ఏ పక్క పడుకుంటే హాయిగా ఉంటుంది?" అని ఆయన్నే అడిగింది. అన్ని రోజుల్లో ఆయన్ను అడిగినవాళ్ళు లేరు, అందరూ భార్యనే అడిగేవాళ్ళు. మాట సరిగ్గా రాలేదు, చేత్తో చూపించాడు. అప్పుడు చొక్కా విప్పి, పడిపోయిన చెయ్యి ముందు తొడిగి, వీపు వెనకగా లాగి, బాగున్న చెయ్యి ఆఖర్న తొడిగింది. విప్పేటప్పుడు ఇది తిరగబడుతుందమ్మా, బాగున్న చెయ్యి ముందు, అని ఆమెకు చేసి చూపించి, గంజి గిన్నె తీసుకొని వెళ్ళిపొయ్యింది. పనిస్తారా అని అడగనే లేదు. సాయంత్రానికి రిక్షా ఆమె కోసమే వచ్చింది.

అసలు సంగతి ఇంకా చెప్పలేదు. ఆ హెడ్‌మాస్టరు గారి కొడుకు అమెరికాలో, కూతురు బొంబాయిలో. రమణమ్మ చదివింది ఐదో తరగతే. ఒక నోటుబుక్కు పెట్టుకొని రాసేది. పొద్దున కాఫీ అరగ్లాసు, ఒంటికి పోయారు, రంగు పసుపు, ఎడమ పక్క తిప్పాను, మధ్యాహ్నం పెరుగన్నం సగం, కోడలు పేరు పలికారు. ఇట్టాంటివే. కొడుకు ఫోన్ చేస్తే తల్లి ఏం చెబుతుంది? బాగానే ఉన్నారు నాయనా అంటుంది. తల్లులందరూ అదే చెబుతారు, అది వాడు నమ్మడు. ఒకసారి ఆమె మాటలు దొరక్క ఆ నోటుబుక్కు తీసి చదివిందంట. అవతల వాడు ఏడ్చాడంట. ఆ తర్వాత ప్రతి ఫోన్లోనూ నోటుబుక్కు చదవమ్మా అనేవాడు. ఆ ఇంటి నుంచి ఇంకో ఇల్లు, దాన్నుంచి ఇంకోటి. కావలిలో పిల్లలు బయటి దేశాల్లో ఉన్న ఇళ్ళన్నీ ఆమెవే. వేపచెట్టు కిందికి ఆమె మళ్ళీ రాలేదు. ఆ నోటుబుక్కుల మీద అట్టలు వేసి ఇచ్చింది నేనే, కాజా సాహెబు షాపులో కొని, అది వేరే కథ.

నీ సంగతీ అంతే. డబ్బు కట్టేవాడు ఆ ఇంట్లో ఉండడు. మంచంలో ఉన్నది ఒకరు, ఫోన్లో నీ పేజీ చూసేది ఇంకొకరు. వాళ్ళు ఆఫీసు అయ్యాక చూస్తారు, అమెరికాలో ఉంటే అక్కడ పగలు మనకు రాత్రి. ఆస్పత్రివాళ్ళు రేపు డిశ్చార్జి అంటే వాళ్ళకు మనిషి రేపే కావాలి, ముందు జవాబిచ్చినవాళ్ళకే పని. ఇదంతా నేను ముసునూరు అత్తకు చెప్పా. ఆమె "ఓహో అట్టనా" అనింది, నమ్మినట్టు లేదు. నువ్వొక మాట చెప్పి ఉంటే నేను ఇంకా గట్టిగా చెప్పేవాణ్ణి. అందుకేనా పాపా, ఆ రాత్రి ఆన్‌లైన్? అందుకే అయి ఉంటుంది.

జవాబిచ్చేటప్పుడు "ఎస్ సర్, అవైలబుల్" అని ఊరుకోవద్దు. పేషెంటు బరువెంత, నువ్వొక్కదానివే లేపగలవా, బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉందా, ఇంట్లో ఇంకెవరుంటారు, డిశ్చార్జి సమ్మరీ పంపుతారా, అడుగు. ఆ ప్రశ్నలు చూస్తేనే వాళ్ళకు సగం ధైర్యం వస్తుంది. పనిలో చేరాక రోజూ సాయంత్రం చిన్న మెసేజి పెట్టు, రమణమ్మ నోటుబుక్కు మాదిరి. అడక్కముందే పెట్టు. రివ్యూ రాయమని అడగడానికి సిగ్గుపడొద్దు, పేషెంటు లేచి నడిచి నీకు టాటా చెప్పే రోజు అడుగు. అన్నీ అట్టా ముగియవు. చావింట్లో మాత్రం రివ్యూ అడగొద్దు. పెద్దకర్మకు పిలిస్తే వెళ్ళి దణ్ణం పెట్టి రా, వాళ్ళకే గుర్తొస్తుంది.

రేటు తగ్గించుకోవద్దు. కొత్తలో తగ్గిస్తే ఆ తర్వాత పెంచనివ్వరు. పన్నెండు గంటలకెంత, ఇరవై నాలుగు గంటలకెంత, వారానికో సెలవు, తిండి ఎవరిది, గిన్నెలు తోమడం వంట చెయ్యడం నీ పనిలో ఉన్నాయా లేవా, అన్నీ చేరకముందే మెసేజిలో రాయించుకో. ఆ మాటలన్నీ యాప్‌లోనే ఉండనీ, కమిషన్ మిగులుతుంది బయట మాట్లాడుకుందాం అంటే ఒప్పుకోవద్దు, రేపు తగువొస్తే చూపించడానికి ఏమీ ఉండదు. పని ఇప్పించడానికి ముందు డిపాజిట్ కట్టమంటే వాడు దొంగ. నీకు డబ్బు వెయ్యడానికి క్యూఆర్ స్కాన్ చెయ్యమన్నా దొంగే, డబ్బు రావడానికి పిన్ను కొట్టాల్సిన పని లేదు. పొరపాటున పోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి, పరువని దాచుకొని కూర్చోవద్దు.

మా పాత యూనియన్ ఆయన చెప్పాడు, 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చిందంట. యాప్‌ల ద్వారా పనిచేసేవాళ్ళు అందులో ఉన్నారు, ఆ జాబితాలో ఆరోగ్య సేవలు కూడా రాశారంట. కంపెనీలు తమ టర్నోవరులో ఒకటి నుంచి రెండు శాతం వాళ్ళ కోసం కట్టాలి. నీ చేతికి ఎప్పుడొస్తుందో అట్టుంచు, కేంద్రం పెట్టిన కార్మికుల పోర్టల్ ఈ-శ్రమ్‌లో నీ పేరుందా? ఫోన్లో నువ్వే నమోదు చేసుకోవాలంటే ఆధార్‌కు లింకైన నంబరు కావాలి. నీ ఆధార్‌లో ఇంకా నా పాత నంబరే ఉన్నట్టుంది. ఆ సిమ్ము పొయ్యి ఎన్నాళ్ళయిందో, ముందు అది మార్పించు.

కొత్త ఇంటికి వెళ్ళేముందు వీడియో కాల్‌లో ఇల్లు, పేషెంటు, ఇంట్లో ఆడమనిషి కనపడాలి. మొదటిసారి పగలే వెళ్ళు, హాస్టల్ అమ్మాయిని తోడు తీసుకుపో. పేషెంటు ఒంటరి మగవాడయితే, ఇంట్లో ఇంకెవరూ లేకపోతే, ఎంత ఇస్తామన్నా వద్దు. అడ్రసు చిన్నోడికి పంపు, లొకేషన్ ఆన్ చేసి పెట్టుకో. నాకు పంపినా చాలు, వాడు చూసిపెడతాడు. ఇప్పుడు నువ్వు ఎవరింట్లో చేస్తున్నావో మాకు తెలియదు, వీధి పేరు కూడా తెలియదు. మీ అమ్మ పెరంబూరు అని మాత్రం అందరికీ చెబుతోంది.

టైంకు తిను. వాళ్ళ ముసలామెకు తినిపించి నువ్వు మిగిలింది తిని పడుకునే రకం. మనుషుల్ని లేపేటప్పుడు నడుం వంచొద్దు, మోకాళ్ళు వంచు, ఎన్నిసార్లు చెప్పాలి. నా నడుం చూశావు గదా.

బుధవారం రాత్రి తొమ్మిదికి ఫోన్ చేస్తా, అది మాత్రం ఎత్తు. డ్యూటీలో ఉంటే ఎత్తి "డ్యూటీ" అని పెట్టెయ్యి, గొంతు వినపడితే చాలు మీ అమ్మకు. ఇంకొకటి, ఆ ఏజెన్సీ వాళ్ళు చేరేటప్పుడు నీ కోర్సు సర్టిఫికెట్ ఒరిజినల్ తీసి పెట్టుకున్నారు గదా, మానేసిన రోజు తిరిగి తెచ్చుకున్నావా? తెచ్చుకోకపోతే చెప్పు, శుక్రవారం పినాకిని రైలుకు నేనే వస్తా.

ఇట్లు
నాయన

(నైటీలు ఒకసారి నీళ్ళలో జాడించి వేసుకో, రంగు పోతుందంట.)