పరీక్ష పెట్టాక పాఠానికీ టైమ్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

నేను చెన్నై పెరంబూరు వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి పాఠాలు చెప్తాను. కరోనా సెలవుల్లో వెనకబడిన పిల్లలకు 2025 నాటికల్లా చదవడం, లెక్కలు చెయ్యడం రావాలని తమిళనాడు ప్రభుత్వం 2022లో ‘ఎణ్ణుం ఎళుత్తుం’ (అంకెలూ అక్షరాలూ) పథకం తెచ్చింది. అరుంబు, మొట్టు, మలర్ (చిరుమొగ్గ, మొగ్గ, పువ్వు) అని మూడు స్థాయిలు పెట్టి, ఎవరికి ఎంత వచ్చో చూసి అక్కణ్ణించి నేర్పడం దీని పద్ధతి. ఇది మంచి పద్ధతి. ఒకే పాఠం అందరికీ అప్పజెప్పే రోజుల కంటే ఇప్పుడే నా పిల్లలు నాకు బాగా తెలుసు.

నా బాధల్లా పరీక్ష అయ్యాక జరిగేదాని గురించే.

నెల్లూరు నుంచి తాపీపనికి వచ్చినవాళ్ల పాప ఒకతి నా క్లాసులో ఉంది. 42లోంచి 17 తియ్యమంటే 35 అని రాసింది. రెండులోంచి ఏడు పోదు కదా, అందుకని తిరగేసి ఏడులోంచి రెండు తీసేసింది. పక్కన కూర్చున్న పిల్లాడు ఏదో తోచింది రాశాడు. పరీక్ష వివరాలు ఎక్కించే యాప్‌లో ఇద్దరిదీ తప్పే. కానీ ఇద్దరికీ చెప్పాల్సిన పాఠం ఒకటి కాదు. ఆ పాపను దగ్గర కూర్చోబెట్టుకుని, పది పుల్లల కట్ట విప్పి, తెలుగులోనే చెప్పాను. మళ్లీ చేసి 25 అని రాసిన పలక నా ముందు పెట్టింది. టీచరు ఉద్యోగంలో తృప్తి అంటే నాకు ఇదే.

ఇలా ప్రతి పిల్లకీ చెప్పాలని ఉంటుంది. కుదరనివ్వరు. నెట్ అందక యాప్ తిరుగుతూనే ఉంటుంది, అప్‌లోడ్ కాని టీచర్ల పేర్లు వాట్సాప్ గ్రూపులో పడతాయి, ఆ టెన్షన్ తీరేలోపు తర్వాతి పరీక్ష తేదీ వచ్చేస్తుంది. ఎవరికి ఏం రాలేదో తెలిసి కూడా నేర్పలేకపోవడం కంటే పెద్ద కష్టం టీచరుకు లేదు.

విద్యాహక్కు చట్టం 29వ సెక్షను పిల్లల అవగాహనను నిరంతరం, సమగ్రంగా మూల్యాంకనం చెయ్యమంటుంది. పిల్లలకు భయం, ఆందోళన లేకుండా చూడమని కూడా అదే సెక్షను చెప్తోంది. టీచరే హడావిడిలో ఉంటే పిల్లలకు ఆ నెమ్మది ఎక్కణ్ణించి వస్తుంది?

పరీక్షలు ఎత్తెయ్యమని నేను అడగడం లేదు. ఒక పరీక్షకూ ఇంకోదానికీ మధ్య, తప్పులు దిద్దడానికే కొన్ని రోజులు విడిచిపెట్టండి. ఆ రోజుల్లో ఏ అప్‌లోడూ అడగొద్దు. వివరాలు ఎక్కించడానికి రెండు మూడు బడులకు కలిపి ఒక మనిషినైనా ఇవ్వండి.

– ఒక ఉపాధ్యాయిని, పెరంబూరు, చెన్నై