2024–25 వార్షిక నివేదిక: గేటు ముందు ముగ్గు దగ్గర మొదలుపెట్టి

గౌరవ సభ్యులకు నమస్కారం.

లిఫ్టు మరమ్మతు అయింది, పై ట్యాంకు కడిగించాం, మెట్ల మీద పాడైన దీపాలు మార్పించాం. జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో ఉంది, కోశాధికారి గారు సమావేశంలో చదివి వినిపిస్తారు. పోయినేడు మనం చేసుకున్న మరో తీర్మానం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఇళ్లలో రోజూ కళ్ల ముందే ఉండే కళను గుర్తించి, పిల్లలకు అందేలా చూద్దామన్నాం కదా. ఆ పని ఎలా సాగిందో, ఎక్కడ తప్పు జరిగిందో మీకు చెప్పడం కార్యదర్శిగా నా బాధ్యత.

ధనుర్మాసంలో ముగ్గుల పోటీ పెట్టాం. జనవరి 13, భోగి నాడు తెల్లారేసరికి కింద పార్కింగు అంతా రంగులే. నెమళ్లు, కలశాలు, చెరకుగడలు, గొబ్బెమ్మల మీద గుమ్మడి పూలు. మూడో అంతస్తు మామ్మగారిని న్యాయనిర్ణేతగా ఉండమని అడిగాం. ఆవిడ అన్నీ చూసి, నెమ్మదిగా నడుచుకుంటూ గేటు బయటికి వెళ్లి అక్కడ ఆగిపోయారు. “ఇది పోటీలో లేదేం నాయనా?” అన్నారు.

అది మన వాచ్‌మన్ భార్య వేసిన ముగ్గు. రంగు లేదు, ఒట్టి తెల్లపిండి. పోటీ నోటీసులో ‘ఫ్లాట్ల సభ్యులకు మాత్రమే’ అని రాసింది నేనే. మామ్మగారికి ఏం చెప్పాలో తెలియలేదు. ఏడాది పొడుగునా మన వాకిలికి ముగ్గు పెట్టే మనిషిని పోటీకి పిలవాలని మాలో ఒక్కరికీ తోచలేదు. అందుకు కార్యవర్గం తరఫున క్షమాపణ చెబుతున్నాను.

మర్నాడు పొద్దున్నే వెళ్లి ఆమె ముగ్గు వేస్తుంటే నిలబడి చూశాను. సిమెంటు మీద నీళ్లు కొట్టి, చీపురుతో లాగి, తడి పూర్తిగా ఆరకముందే మొదలుపెడుతుంది. ముగ్గుపిండిలో గుప్పెడు బియ్యప్పిండి కలుపుతుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి సన్నగా జారుతుంది. చుక్కకీ చుక్కకీ దూరం కొలిచినట్టే ఉంటుంది. మధ్య వరసలో 15 చుక్కలు, అటూ ఇటూ సందు చుక్కలతో 8 దాకా తగ్గించుకుంటూ వచ్చింది. కూడితే 169. ఆ తర్వాత నడుం వంచినది వంచినట్టే, మెలిక మీద మెలిక తిప్పుతూ అన్ని చుక్కల్నీ చుట్టేసింది. ఎలా గుర్తుంటుందమ్మా అని అడిగితే, “15 ఎట్టి 8 దాకా దించీడమేనండి. మద్దిలో ఒక్క చుక్క తప్పితే మొత్తం తుడిచీడమే. మా అత్త నేర్పింది” అంది. పిండి ఇన్నేళ్లూ తన డబ్బుతోనే కొంటోందని కూడా అప్పుడే తెలిసింది.

కనుమ నాడు మొదటి బహుమతి చీర ఆమెకే ఇచ్చాం. ఇకపై ముగ్గుపిండి ఖర్చు సంఘానిదే. పోటీలో ‘సభ్యులకు మాత్రమే’ అన్న నిబంధన తీసేశాం. ఈ రెండింటికీ మీ ఆమోదం కోరుతున్నాను.

ఆ రోజే ఇంకో ముచ్చట జరిగింది. రథం ముగ్గు తాడును పక్కింటి రథానికి కలపడం మనవాళ్ల ఆనవాయితీ. అపార్టుమెంటులో అదెలా అని నాలుగో అంతస్తు కోడలుపిల్ల అడిగింది. పిల్లలే దారి చూపించారు. పై అంతస్తు రథం నుంచి మెట్టు మెట్టుకీ గీత దింపుకుంటూ, గుమ్మం గుమ్మం దగ్గరా రథాన్ని కలుపుకుంటూ గేటు దాకా తెచ్చారు. ఆ సాయంత్రం చాలామంది లిఫ్టు ఎక్కకుండా, గీత చెరగకుండా పక్కగా మెట్లెక్కి వెళ్లారు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం పిల్లల్ని ఏటికొప్పాక తీసుకెళ్లాం. అనకాపల్లి జిల్లాలో, వరాహ నది ఒడ్డు ఊరు. అక్కడి లక్క బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 జనవరి 26న ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటం మీద ఉన్నవీ అవే. లేతు యంత్రం మీద తిరుగుతున్న అంకుడు కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే, ఒరిపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టేస్తుంది. దాని మీద ఎండిన మొగలి ఆకు అదిమితే అద్దంలా మెరుపు వస్తుంది. చిన్నప్పుడు లక్కపిడతలతో ఆడుకున్నాను గానీ, ఆ నునుపు ఆకుతో వస్తుందని నాకూ అక్కడే తెలిసింది. మన పిల్లలు తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఒకరి బుగ్గకు ఒకరు బొంగరాలు ఆనించి నునుపు చూసుకుంటూనే ఉన్నారు.

మార్చిలో పాత చీరలతో కుట్టిన బొంతల్ని మేడ మీద ఆరేసి ఒక పూట అందరికీ చూపించాం. వచ్చినవాళ్లు తక్కువే, పరీక్షల రోజులు కదా. ఈసారి వేసవి సెలవుల్లో పెడదాం.

నా సొంత మనవి ఒకటి. గుమ్మాల ముందు అంటించే ప్లాస్టిక్ ముగ్గుల్ని తప్పుపట్టను, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ఏం చేస్తారు? కానీ ఓపిక ఉన్నవాళ్లు వారానికి ఒక్క శుక్రవారమైనా చేత్తో నాలుగు గీతలు గీయండి.

వచ్చే ఏడాదికి మన ఇళ్లలోని ముగ్గులన్నీ ఒకచోట ఎక్కించి పుస్తకం చేద్దామని కార్యవర్గం అనుకుంటోంది. అమ్మమ్మలు, నాయనమ్మలు చుక్కలు పెట్టుకున్న పాత నోటుపుస్తకాలు అటకల మీద ఉంటే దింపి, వచ్చే ఆదివారంలోగా ఆఫీసు గదిలో ఇవ్వండి. ఫొటోలు తీసి రెండు రోజుల్లో తిరిగి ఇచ్చేస్తాం. గేటు ముగ్గు 169 చుక్కలదీ మొదటి పేజీలో ఇప్పటికే ఎక్కించాం. వేసినామె పేరు కూడా పక్కనే రాశాం.

ఇట్లు,
కార్యదర్శి