రీసర్వేలో పొలాల పేర్లకూ చోటివ్వాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. మీ పత్రిక జిల్లా పేజీల్లో అప్పుడప్పుడు వస్తున్న ఊళ్ల చరిత్ర వ్యాసాలను శ్రద్ధగా చదివేవారిలో నేనొకణ్ని. పిల్లలమర్రి గురించి రాస్తే అందులో రేచర్ల రెడ్ల ఆలయాలు, శాసనాలు ఉంటాయి. భూదాన్ పోచంపల్లి గురించి రాస్తే 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ఎదుట వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇస్తానన్న ఘట్టం ఉంటుంది. అవి రాయవలసినవే. అయితే గుడి, గడీ, శాసనం, తేదీ ఏదీ లేని ఊరికి చరిత్రే లేదన్న అభిప్రాయం చదువుకున్నవారిలో సైతం స్థిరపడిపోతున్నది. నల్లగొండ జిల్లా మునుగోడు వైపు మెట్టలో ఉన్న మా ఊరు అటువంటిదే. అలాంటి ఊళ్ల తరఫున, జరుగుతుందంటున్న భూముల రీసర్వేను దృష్టిలో పెట్టుకొని ఈ లేఖ రాస్తున్నాను.

మా ఊరు అక్కడే ఎందుకు వెలిసిందో తెలియాలంటే ముందు నేల వాలు చూడాలి. పడమట రాతి గుట్ట ఉంది. దాని మీద పడిన వాన చెలకల మీదుగా తూర్పుకు జారుతుంది. ఆ దారిలో మొదట రెండు కుంటలు, వాటి కింద చెరువు, చెరువుకు ఎడంగా వరద ఎక్కని మిట్ట మీద ఊరు. చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీళ్లు కింది ఊరి చెరువుకు పోతాయి, అక్కడి మత్తడి నీళ్లు ఆ కింది ఊరికి. ఎర్ర చెలక మన్ను పలుచన, దాని కింద అంతా గ్రానైటు, ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్ల వాన, అందులోనూ ఎక్కువ భాగం నైరుతి నెలల్లోనే పడుతుంది గనుక, జారే నీటిని ఎక్కడికక్కడ ఆపడం తప్ప ఇక్కడ వ్యవసాయానికి మరో దారి లేకపోయింది. కట్ట ఎక్కడ పోయాలో, తూము ఎక్కడ పెట్టాలో, మత్తడికి పునాదిగా నిలిచే బండ ఎక్కడ ఉందో చూసి నిర్ణయించినవారి తెలివి నేటికీ నేల మీద కనబడుతూనే ఉంది. నల్లగొండ పక్కనున్న పానగల్లు ఉదయసముద్రం చెరువుకు కందూరు చోళుల పేరు తోడుంది గనుక అది చరిత్రలోకి ఎక్కింది. మా చెరువు కట్టినవారి పేరు చెప్పే రాయి లేదు గనుక అది కార్యాలయాల జాబితాలో ఒక వరుస సంఖ్యగా మిగిలింది.

నేల ఎత్తు మా ఊరి బతుకును ఎంతగా నిర్ణయించిందో చెప్పడానికి కృష్ణ నీళ్ల సంగతే చాలు. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఎడమ కాలువ వాలుకు పారి మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మాగాణిని పెంచింది. దేవరకొండ, మునుగోడు మెట్టలు ఆ మట్టానికి పైన ఉన్నాయి. ఇటువైపు నీళ్లు రావాలంటే ఎత్తిపోయవలసిందే. పుట్టంగండి దగ్గర పంపులతో అక్కంపల్లి జలాశయానికి ఎక్కించి ఎలిమినేటి మాధవరెడ్డి కాలువ ద్వారా తెచ్చిన నీళ్లే ఈనాడు పానగల్లు దాకా వస్తున్నాయి. ఒకే ఉమ్మడి జిల్లా, ఒకే నది, అయినా కింద వరి, పైన ఆముదం. జొన్న, సజ్జ, కంది, ఆముదాలతో, మోట బావుల కింద కొద్దిపాటి వరితో బతికిన ఊళ్లు ఇవి. బావులు ఎండి బోర్లు లోతుకు దిగిన కొద్దీ రాతిలోని ఫ్లోరైడు తాగే నీళ్లలోకి ఎక్కింది. ఆ కథ మీ పత్రిక ఎన్నోసార్లు రాసింది గనుక ఇక్కడ విస్తరించను.

చాలామంది పట్టించుకోనిది పాటిగడ్డ. మా ఊరికి కొంత దూరంలో, ఇప్పుడు ఇళ్లు లేని చోట, బూడిద రంగు మన్నుతో ఒక దిబ్బ ఉండేది. అది పూర్వం ఊరున్న చోటు. వానలు పడినప్పుడు అక్కడ కుండ పెంకులు, పూసలు, ఇనుము కరిగించిన చిట్టెం తేలేవి. ఊళ్లు రోగాలకో, కరువుకో, దండుల భయానికో చోటు మారడం ఈ ప్రాంతంలో వింత కాదు. రెవెన్యూ పత్రాల్లో బేచిరాగ్ అని రాసిన గ్రామాలు ఇప్పటికీ ఉన్నాయి, పేరూ హద్దులూ ఉండి మనుషులు లేనివి. పాటి మన్ను చేనుకు మంచి ఎరువు. అందుకని తరతరాలుగా రైతులు బండ్లతో తోలుకున్నారు, ఇటీవల జేసీబీలు వచ్చాక మిగిలింది కొన్నాళ్లలోనే అయిపోయింది. రైతును తప్పుపట్టలేము. ఆ దిబ్బ ఏమిటో అతనికి చెప్పినవారెవరు? ఊరి పొలిమేరలో జనం రాక్షసగుళ్లు అని పిలిచే రాతి వలయాలకూ ఇదే గతి పట్టింది. అవి ఇనుప యుగపు సమాధులు. పూర్వపు పాలమూరు జిల్లాలోని ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకు ఎక్కినందుకు మనమంతా సంతోషించాము. అదే కాలపు సమాధి రాళ్లు ఇంకెన్నో ఊళ్లలో చేను చదును చేసేటప్పుడు గట్టు మీదికి, అక్కడి నుంచి క్రషర్లకు పోతున్నాయి.

ఇక కాగితాల సంగతి. నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1865లో జిల్లాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా విడదీసిన తరువాత క్రమంగా జరిగిన సర్వేలతో ఊరి నేలకు నంబర్లు వచ్చాయి. తరి (మాగాణి), ఖుష్కీ (మెట్ట), శిఖం (చెరువు లోపలి నేల) అని విడదీశారు. 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలు చట్టం వచ్చింది, ఏ నేల ఎవరి చేతిలో ఉందో రాసిన 1954-55 ఖాస్రా పహాణీ నేటికీ తగాదాల్లో ఆధారంగా నిలుస్తున్నది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. పట్వారీ పెత్తనం ఎటువంటిదో తెలిసినవారెవరూ దాన్ని మళ్లీ కోరుకోరు. అయితే ఫలానా నంబరు అంటే పాటి చెలక, ఫలానాది పూడిపోయిన కుంట అని చెప్పగల జ్ఞానం కూడా ఆ దఫ్తరంతోనే పోయింది. భూమి రికార్డులకు 2020లో ధరణి, 2025లో భూభారతి పోర్టళ్లు వచ్చాయి. వీటిలో ఏ పాసుపుస్తకం తెరిచినా నంబరు, విస్తీర్ణమే తప్ప ఆ చేనుకు ఊరు పెట్టుకున్న పేరు కనబడదు.

ఇది కేవలం జ్ఞాపకాల మీద మమకారంతో చెబుతున్న మాట కాదు. రీజినల్ రింగ్ రోడ్డు చౌటుప్పల్ మీదుగా వస్తుందన్నప్పటి నుంచి మా వైపు చెలకలు ప్లాట్లవుతున్నాయి. పేరు మరిచిపోయిన కుంట మొదట బీడు అవుతుంది, తరువాత వెంచరు అవుతుంది. పెద్ద వాన పడ్డప్పుడు నీళ్లు మాత్రం తమ పాత తోవనే వెతుక్కుంటాయి.

అందుచేత నా విన్నపం ఒక్కటే. రీసర్వేకు వచ్చే సర్వేయరు పట్టాదారులను మాత్రమే పిలిచి హద్దులు చూపించమంటే సరిపోదు. ఊరి నేల ఎక్కువగా తెలిసినవారు తరచూ నేల లేనివారే. తరతరాలుగా తూము తీసిన నీరడి కుటుంబం, హద్దురాళ్లకు సాక్ష్యం చెప్పిన ఊరి సేవకులు శేత్‌సింధీలు, బేగరులు, మందను తిప్పిన గొల్ల కురుమలు, కలుపుకూ కోతకూ ప్రతి చేను తిరిగిన ఆడవాళ్లు. వారిలో పెద్దవారిని వెంట నడిపించి, ప్రతి సర్వే నంబరు పక్కన చేను పేరు, కుంట పేరు, పాటిగడ్డ ఉంటే ఆ మాట, రాతి వలయాలుంటే ఆ మాట రాసుకునే ఒక కాలమ్ రికార్డులో చేర్చాలి. దానికి వేరే బడ్జెట్ అవసరం లేదు, ఎలాగూ నడిచే చోటనే నడవాలి. తయారైన గ్రామ నక్షా (పటం) నకలును పంచాయతీ గోడ మీద పెద్దదిగా వేయించి, అభ్యంతరాలకు గడువు ఇచ్చాకే ఖరారు చేయాలి. మీ పత్రిక కూడా జిల్లా పేజీలో వారానికి ఒక ఊరి నక్షాను ఆ పేర్లతో సహా ప్రచురించగలిగితే, మొదటిదిగా మా ఊరిది పంపడానికి నేను సిద్ధంగా ఉన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మునుగోడు ప్రాంతం, నల్లగొండ జిల్లా