నీకేమీ లేదనుకోకు, టెస్ట్ చేయించుకో

ఒరేయ్,

రాత్రి ఫోన్‌లో నీ గొంతు విన్నాక నిద్ర పట్టలేదురా. "ఆమెకు క్లమీడియా అని రిపోర్ట్ వచ్చింది, నాకేమో ఏమీ లేదు, మరి ఇది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?" అన్నావు. పక్కన మనుషులుండడంతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. మూడేళ్ళ కిందట ఇదే నాకూ వచ్చింది. అప్పుడు నీకు కూడా చెప్పలేదు. చెప్పుంటే ఇవాళ నీకింత టెన్షన్ ఉండేది కాదేమో.

ముందు ఆ "నాకేమీ లేదు" అన్న మాట పక్కన పెట్టు. క్లమీడియా అంటే కలయిక ద్వారా అంటుకునే ఒక బాక్టీరియా. ఇది మన కణాల లోపలికి దూరి, అక్కడే చడీచప్పుడు లేకుండా పెరుగుతుంది. సోకిన ఆడవాళ్ళలో ఎక్కువమందికి, మగవాళ్ళలో దాదాపు సగం మందికి లక్షణాలే ఉండవు. ఉంటే సాధారణంగా ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడతాయి. నాకు మూత్రానికి వెళ్ళినప్పుడు చివర్లో సన్నగా మంట పుట్టేది. పొద్దున్నే లేచేసరికి నీళ్ళలాంటి చుక్క ఒకటి, బట్టల మీద చిన్న మరక, అంతే. వేడి చేసిందనుకుని నీళ్ళు ఎక్కువ తాగాను. నాలుగు రోజులకు తగ్గింది. నేను పోయిందనుకున్నాను, అది మాత్రం లోపలే ఉంది. నెల తిరిగేసరికి ఒక పక్క వృషణం వాచి, నడిస్తే నొప్పి. అప్పుడు గానీ డాక్టరు దగ్గరికి పోలేదు.

ఆడవాళ్ళ సంగతి ఇంకా కష్టం. తెల్లబట్ట ఎక్కువవడం, మూత్రంలో మంట, కలిసిన తర్వాత గానీ నెలసరికీ నెలసరికీ మధ్య గానీ రక్తం కనిపించడం, పొత్తికడుపులో నొప్పి, ఇవన్నీ మామూలే అని సర్దుకుపోతారు. పట్టించుకోకుండా వదిలేస్తే ఇన్‌ఫెక్షన్ గర్భసంచికి, ట్యూబులకు పాకుతుంది. ట్యూబులు దెబ్బతింటే పిల్లలు పుట్టడం కష్టమవుతుంది, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదమూ ఉంది. ఆమెకు టెస్ట్ చేయించుకోవాలని తోచడం మీ ఇద్దరి అదృష్టం. ఆ మాట ఆమెతో కూడా అను.

ఇక టెస్ట్ గురించి. దీన్ని నాట్ అంటారు, కోవిడ్ రోజుల్లో చేసిన ఆర్‌టీపీసీఆర్ కూడా ఇలాంటిదే, క్రిమి జన్యుపదార్థాన్ని పట్టుకుంటుంది. మగవాళ్ళకు మూత్రం చాలు. ఆడవాళ్ళకు యోనిలోంచి దూదిపుల్లతో తీస్తారు, కావాలంటే వాళ్ళే తీసి ఇవ్వొచ్చు. నోటితోనో మలద్వారం ద్వారానో కలయిక జరిగి ఉంటే డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పు, గొంతు నుంచీ అక్కడి నుంచీ విడిగా శాంపిల్ తీయాలి. మూత్రంలో చూస్తే అది దొరకదు. మామూలు రక్తపరీక్ష దీనికి పనికిరాదు, ఎవరైనా రాసినా ఎందుకని అడుగు.

ఒక్క విషయం బాగా గుర్తుపెట్టుకో. నేను మొదటిసారి ఇచ్చినప్పుడు ల్యాబ్‌లో అబ్బాయి "శుభ్రంగా కడుక్కుని, మొదట కొంచెం వదిలేసి మధ్యలోది పట్టండి" అన్నాడు. అది మామూలు యూరిన్ కల్చర్ పద్ధతి. నాకు నెగెటివ్ వచ్చింది. డాక్టరు ఎలా పట్టావో అడిగి, మళ్ళీ చేయించారు. ఈసారి పాజిటివ్. దీనికి కావలసింది మొట్టమొదట వచ్చే ధారే. కనీసం గంటసేపు మూత్రానికి వెళ్ళకుండా ఉండి, కడుక్కోకుండా, మొదటి 20, 30 మిల్లీలీటర్లు డబ్బాలో పట్టాలి. నాళంలో ఉన్న క్రిమి ఆ మొదటి ధారతోనే కొట్టుకొస్తుంది. కలిసి రెండు వారాలు కాకముందే చేయిస్తే దొరక్కపోవచ్చు, అప్పుడు ఇంకోసారి చేయించాలి.

నువ్వు నిజంగా అడగదలచుకున్నది ఇంకొకటి ఉంది కదా, ఎవరి నుంచి ఎవరికి అని. రిపోర్ట్ అది చెప్పదురా. ఎప్పుడు సోకిందో కూడా చెప్పదు. మందు పడకపోతే ఇది నెలల తరబడి, ఒక్కోసారి ఏడాదికి పైగా కూడా లోపల ఉండిపోగలదు. మీరిద్దరూ కలవకముందే మీలో ఒకరిలో ఉండి ఉండొచ్చు. ఆ కాగితం చేతిలో పెట్టుకుని ఆమెను నిలదీయకు.

మందు వారం రోజులే. డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, ఏడు రోజులు. గర్భంతో ఉంటే మాత్రం అది వాడరు, అజిత్రోమైసిన్ ఇస్తారు, కాబట్టి ఆమెకు నెల తప్పిందేమో డాక్టరుకు ముందే చెప్పండి. నీ టెస్ట్ ఇంకా రాలేదని ఆగక్కర్లేదు, శాంపిల్ ఇచ్చాక నీకూ మందు మొదలుపెట్టమని డాక్టర్నే అడుగు. ఇద్దరి కోర్సు అయ్యేదాకా కలవొద్దు, లేకపోతే మళ్ళీ మొదటికొస్తుంది. మూడు నెలలకు ఇద్దరూ మరోసారి టెస్ట్ చేయించుకోండి.

రేపు పొద్దున ల్యాబ్‌కి ఒక్కడివే వెళ్ళడం ఇబ్బందనిపిస్తే ఫోన్ చెయ్యి, నేనొస్తాను. లేచాక మూత్రానికి మాత్రం వెళ్ళకు, అక్కడికొచ్చాకే.

నీ వాడు