చిట్టికి, ఏడు దెబ్బల లెక్క

చిట్టీ,

నువ్వు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాను. ఫెస్ట్ దగ్గరపడుతోంది, ‘మనీ’ పాట ఇంట్రో చేతికి రావడం లేదు, బ్యాండ్ అంతా నీ కోసం ఆగాల్సి వస్తోంది అన్నావు. నీ టెన్షన్ గొంతులోనే తెలిసింది. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, అందుకే రాస్తున్నాను. గిటార్ పక్కన పెట్టుకుని చదువు.

బేస్ గిటార్ నాకు రాదు. కానీ ఇన్నేళ్లుగా మైలాపూర్‌లో పిల్లలకు వీణ చెబుతున్నదాన్ని, తాళం ఎక్కడ జారుతోందో వినగానే తెలుస్తుంది. నీ వేళ్లు బాగానే ఉన్నాయి. జారుతున్నది లెక్క. పింక్ ఫ్లాయిడ్ బ్యాండ్ 1973లో తెచ్చిన ఈ పాట ఏడు దెబ్బల్లో నడుస్తుంది. నువ్వు వాయించే మిగతా రాక్ పాటలు చాలావరకు నాలుగు దెబ్బలవే కాబట్టి, ఏడోది అయ్యాక నీ చెయ్యి ఎనిమిదో దెబ్బ కోసం ఆగుతోంది. అది రాదు.

ఏడు నీకు కొత్తా? శ్యామశాస్త్రి ‘మరివేరే గతి’ కృతిని ఏడు లెక్కల మిశ్రచాపు తాళంలో ఎంత హాయిగా పాడేదానివి! ఇదీ అలాగే విడగొట్టు. తకిట, తకధిమి: మూడూ నాలుగూ.

తకిటలో ‘త’ అంటే ఎ తీగ రెండో ఫ్రెట్ (మన వీణ మెట్టు లాంటిదే) మీద బి స్వరం. ‘కి’ దగ్గర ఒకే దెబ్బలో రెండు స్వరాలున్నాయి: జి తీగ నాలుగో ఫ్రెట్ మీద పై స్థాయి బి, వెంటనే డి తీగ నాలుగో ఫ్రెట్ మీద ఎఫ్ షార్ప్. నువ్వు తడబడుతున్నది ఇక్కడే. ఆ దెబ్బను సగానికి కోయకు. తిస్రగతిలో లాగా మూడు ముక్కలు చెయ్యి, బి మొదటి ముక్కలో, ఎఫ్ షార్ప్ మూడో ముక్కలో పడాలి. ‘ట’కి మళ్లీ మొదటి బి. తకధిమి తేలిక: కింది ఎఫ్ షార్ప్, ఎ, బి, డి, దెబ్బకొకటి.

ఎ తీగ నుంచి జి తీగకు దూకేటప్పుడు మధ్యలో డి తీగ మోగుతోంది, నీ రికార్డింగ్‌లో వినిపించింది. ఎడమచేతి వేలు దాని మీద తేలిగ్గా ఆనించి ఉంచు.

ముందు గిటార్ ముట్టుకోకుండా, చేత్తో తాళం వేస్తూ నోటితో పాడు. మృదంగం నేర్పేవాళ్లు తకిట లాంటి జతులు నోటితో చెప్పించాకే వాయించనిస్తారు, అది ఊరికే పెట్టిన పద్ధతి కాదు. నోట్లో కుదిరాక మెట్రోనోమ్‌ని నిమిషానికి 60 దెబ్బల్లో పెట్టి వాయించు. వేగం గురించి ఇప్పుడే ఆలోచించకు.

ఇంకొకటి. పాట మొదట్లో నాణేలు, గల్లాపెట్టె చప్పుళ్లు వస్తాయి కదా, వాటిని టేపు ముక్కలు అతికించి అదే ఏడు లెక్కలో కూర్చారు. కీబోర్డ్ అబ్బాయిని అవి వేయమను, నువ్వు ఎత్తుకోవడానికి అదే తాళం అవుతుంది. గిటార్ సోలో దగ్గర పాట నాలుగులోకి మారి, తర్వాత మళ్లీ ఏడుకి వస్తుంది. ఆ రెండు మలుపులూ డ్రమ్స్ అబ్బాయితో విడిగా కూర్చుని చూసుకో.

అసలు పాట ఫోన్ స్పీకర్లో వినకు. కింది ఎఫ్ షార్ప్ దాదాపు 46 హెర్ట్జ్, అంత మంద్రం దాంట్లో పలకదు. హెడ్‌ఫోన్స్ పెట్టుకో.

వీడియో కాల్‌లో కలిసి వాయిద్దామన్నావు కానీ, చెన్నై నుంచి బెంగళూరుకి శబ్దం ఆలస్యంగా చేరి తాళం కలవదు. నేనే ఇక్కడ నెమ్మదిగా మిశ్రచాపు వేసి రికార్డ్ చేసి రాత్రికి పంపుతాను. దాని మీద వాయించి నాకు పంపు, ఎలా ఉన్నా సరే.

అమ్మ