మన ఫైర్ తాతగారు

ప్రియమైన తల్లిదండ్రులకు,

నమస్కారం. పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు ఈసారి చివరి పేజీలో ఇచ్చాం, తీరిగ్గా చూసుకోండి. ఈ లేఖ పిల్లలంతా ‘ఫైర్ తాతగారు’ అని పిలుచుకునే పెద్దాయన గురించి. పోయిన వారం ఆయన నిద్రలోనే కన్నుమూశారు. మన బడిలో చదివే అన్నాచెల్లెళ్ళిద్దరికీ ఆయన అమ్మ తరఫు తాతగారు. పేరు వద్దని కుటుంబం కోరింది. రాయకపోయినా ఎవరో మీకు తెలుసు.

ఉద్యోగమంతా అగ్నిమాపక శాఖలోనే చేశారు. రిటైరయ్యాక బడికి వచ్చి, పిల్లలకు ఫైర్ డ్రిల్ నేర్పిస్తానని ఆయనే అడిగారు. ఏదో ప్రసంగం ఇస్తారనుకున్నాం. ఆయన మాత్రం ఒక పాత కోటు, హెల్మెట్, మాస్క్ తెచ్చుకుని ఒకటో తరగతి పిల్లల ముందు నేల మీద కూర్చున్నారు. కబుర్లు చెబుతూనే ఒక్కొక్కటీ తొడుక్కున్నారు. చివర్లో మాస్క్ పెట్టుకోగానే ఊపిరి బుస్సుబుస్సుమని వినిపించింది. ముందు వరుసలోని పాప ఏడుపందుకుంది. ఆయన మాస్క్ తీసి, నవ్వి, మళ్ళీ పెట్టుకున్నారు. మళ్ళీ తీశారు. అలా ఎన్నిసార్లు చేశారో గానీ, చివరికి ఆ పాపే దగ్గరికి వెళ్ళి మాస్క్ అద్దం మీద వేలితో తట్టి చూసింది.

అంత ఓపిగ్గా అదంతా ఎందుకో తర్వాత స్టాఫ్ రూంలో చెప్పారు. ఇల్లు అంటుకుంటే చిన్నపిల్లలు బయటికి పరిగెత్తకుండా మంచం కిందో, బీరువాలోనో దాక్కుంటారట. పొగలో కళ్ళు కనిపించవు, ఫైర్‌మన్ గోడ పట్టుకుని తడుముకుంటూ వెతకాలి. తీరా దగ్గరికొచ్చిన మాస్క్ మనిషిని చూసి భూతమనుకుంటే పిల్లలు ఇంకా లోపలికి ముడుచుకుపోతారు, పిలిచినా పలకరు. ఆ భయం ముందే పోగొట్టాలన్నది ఆయన పట్టుదల.

మంటలార్పడం మాత్రం పిల్లలకు ఎప్పుడూ నేర్పలేదు. బయటపడటమే వాళ్ళ పని అనేవారు. మంట కన్నా పొగే ఎక్కువమందిని చంపుతుంది కాబట్టి నేలకు దగ్గరగా పాకుతూ రావాలి. మూసిన తలుపును తెరిచే ముందు చేతి వెనక వైపుతో తాకి చూడాలి, వేడిగా ఉంటే తెరవకూడదు. బయటికి వచ్చాక బ్యాగ్ కోసమో బొమ్మ కోసమో మళ్ళీ లోపలికి వెళ్ళకూడదు. పెద్దవాళ్ళకు వేరే క్లాసు పీకారు. మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టండి అని. నీరు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు పెరుగుతుంది, ఆ దెబ్బకు మండే నూనె ఎగిరి మీద పడుతుంది.

‘హీరో’ అంటే ఆయనకు చిరాకు. మంటల్లోకి దూకేవారా అని ఒక కుర్రాడు అడిగితే, దూకేవాణ్ణి మా స్టేషన్‌లో ఉంచుకోం అన్నారు. జతగా వెళ్ళాలి, సిలిండర్‌లో గాలి ఎంతుందో చూసుకుంటూ ఉండాలి, గాలి తగ్గిందని విజిల్ మోగకముందే వెనక్కి తిరగాలి. ధైర్యం గురించి ఇంతకన్నా సూటిగా చెప్పిన వాళ్ళను నేను చూడలేదు.

ఇంట్లోనూ అదే జాగ్రత్త. డ్యూటీ నుంచి రాగానే పిల్లలు పరిగెత్తుకొస్తే, స్నానం చేసి బట్టలు మార్చుకునేదాకా ముట్టుకోనిచ్చేవారు కాదట. చిన్నప్పుడు దానికి అలిగేదాన్నని వాళ్ళమ్మాయి చెప్పారు. మసిలో ఏముంటుందో ఇప్పుడు అందరికీ తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో అగ్నిమాపక వృత్తినే క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. ఆయన అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే ఆ మసిని గుమ్మం దాటనివ్వలేదు.

డ్యూటీల వల్ల తన పిల్లల పుట్టినరోజులు చాలా తప్పిపోయాయట. ఆ లోటంతా మనవళ్ళ దగ్గర తీర్చుకున్నారు. భార్యకు మోకాళ్ళ నొప్పులు మొదలయ్యాక వంట తనే చేసేవారు, మనవరాలికి జడలు కూడా తనే వేసేవారు. తాళ్ళకు ముడులేసి అలవాటైన చేతులు కదా, ఆ రిబ్బన్లు సాయంత్రమైనా ఊడేవి కావు. విప్పడానికి మాత్రం ఇంటిల్లిపాదీ కూర్చోవాల్సి వచ్చేదట!

డ్రిల్ ఆగదు. వచ్చే నెల నుంచి ఆయన దగ్గర నేర్చుకున్న మన పీఈటీ సారే నడిపిస్తారు. ఈలోగా మీ ఇంట్లో బయటపడే దారులు రెండు, బయట అందరూ కలుసుకునే చోటు ఒకటి పిల్లలతో కలిసి అనుకోండి. పదినిమిషాల పని.

అన్నాచెల్లెళ్ళిద్దరూ సోమవారం నుంచి బడికి వస్తున్నారు. ఏం జరిగిందని గుచ్చిగుచ్చి అడగొద్దని మీ పిల్లలకు చెప్పండి. అలాగని తాతగారి ఊసే ఎత్తకుండా ఉండక్కర్లేదు. ఆయన కబుర్లు చెప్పుకోవడం పిల్లలకు ఇష్టమేనని వాళ్ళమ్మగారు అన్నారు. మీ పిల్లలు బొమ్మలు గీసినా, ఉత్తరాలు రాసినా శుక్రవారంలోగా క్లాస్ టీచర్‌కు ఇస్తే ఆ కుటుంబానికి అందజేస్తాం.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు